మామ లేస్తే లేచే కౌన్సిల్

ఇది ఏ ఊర్లో జరిగిందో చెప్పను. ప్రొద్దుటూరులో చెబితే ఇది కచ్చితంగా జమ్మలమడుగు సంగతే అన్నారు. జమ్మలమడుగులో చెబితే పులివెందుల వైపు వేలు చూపించారు. పులివెందులలో ఒకాయన బాగా ఆలోచించి, అట్లాంటి మామ మా ఊర్లో ఉంటే మాకు తెలియకుండా ఉంటాడా అన్నాడు. ముగ్గురి మాటా నమ్మండి. నేను చెప్పబోయేది ఒక మునిసిపల్ కౌన్సిల్ హాల్లో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం జరిగిన సంగతి.

ఆఫీసుల్లో కొత్తగా చేరే పిల్లలు, ముఖ్యంగా వార్డు సచివాలయాల్లో కూర్చుని మనిషి వచ్చినా కంప్యూటర్ వంకే చూసే పిల్లలు చదవాలని రాస్తున్నాను. రూల్సు ఎట్లా రాయాలో మీకు ట్రైనింగులో చెప్పి ఉంటారు. రాసిన రూలు మనుషుల మధ్యకు వచ్చాక దాని గతి ఏమవుతుందో చెప్పి ఉండరు.

నేను అటెండరును. మా ఆయన నీళ్ల ట్యాంకు దగ్గర పని చేస్తూ పోయాడు. ఆ ఉద్యోగం కింద నన్ను తీసుకున్నారు. చేరిన రోజు వేలిముద్ర వేశాను. చదువు రాదు కాబట్టి కౌన్సిల్ సెక్షన్‌లో వేశారు. అక్కడ చదివే పనేమీ ఉండదని సూపరింటెండెంటు ధైర్యం చెప్పాడు. ఆయన మాట నిజమే, అజెండా కాగితాలు చదివేవాళ్లెవరూ అక్కడ నాకు కనపడలేదు.

సభ్యుల పేర్ల పలకలు బల్లల మీద పెట్టడం నా పని. అక్షరాలు రావు కాబట్టి గుర్తులు పెట్టుకున్నాను. అంచు విరిగింది ఒకాయనది, టీ మరక ఉన్నది ఒకామెది. ఒకరోజు ఎవరో పుణ్యాత్ముడు పలకలన్నీ శుభ్రంగా తుడిచి పెట్టాడు. ఆ రోజు సభ్యులంతా ఒకరి పేరు వెనక ఇంకొకరు కూర్చున్నారు. తీర్మానాలకు మాత్రం ఏ తేడా రాలేదు. ఆ సిగ్గుతోనే వయోజన విద్య క్లాసుకు పోవడం మొదలుపెట్టాను. అప్పటికి నా కూతురికి పెళ్లి కూడా అయిపోయింది. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గానీ, వచ్చాక గోడ మీద ఏ రాత కనపడినా నిలబడి చదివే జబ్బు పట్టుకుంది.

కౌన్సిల్ మీటింగు ఎట్లా జరిగేదో చెబుతాను. సూపరింటెండెంటు ఒక అంశం చదివేవాడు. చైర్మన్ తల ఎత్తకుండా, “అందరికీ సమ్మతమేనా?” అనేవాడు. ఎవరూ మాట్లాడకపోతే సమ్మతం. ఎవరైనా మాట్లాడబోతే నాకు సైగ వచ్చేది, నేను టీ తెచ్చేదాన్ని. నోట్లో టీ పెట్టుకుని మాట్లాడలేరు కాబట్టి అది కూడా సమ్మతమే. ‘ఆమోదించడమైనది’ అన్న మాట ముందురోజే టైపు అయి ఉండేది. సూపరింటెండెంటుకు పని మిగల్చడం ఇష్టం ఉండేది కాదు.

రిజర్వేషను వల్ల సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. వాళ్ల వెనక ఇంకో వరుస కుర్చీలు వేసేదాన్ని. అవి భర్తలకు. భర్త లేకపోతే మరిదికో అన్నకో. భార్య ముందు కూర్చునేది, భర్త వెనకనుంచి మాట్లాడేవాడు. కొత్తగా చూసినవాళ్లకు ఆమె పెదాలు కదలకుండా మగ గొంతుతో మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఇక మామ సంగతి. మామ ఎన్నిసార్లు గెలిచాడో ఆయనకే గుర్తులేదు. తెల్ల పంచె, భుజాన టవలు, జేబులో మాత్రల డబ్బా. ఆడ సభ్యుల్లో ఒకామెకు ఆయన సొంత మామ, అంటే ఆమె ఆయన కోడలు. ఇంకొందరికి చుట్టరికం. మిగిలినవాళ్లకు ఊరి వరస. చైర్మన్ కూడా మామా అనే పిలిచేవాడు, కాబట్టి నేనూ అట్లే రాస్తాను. మామ హాల్లోకి వస్తే ఆడవాళ్లందరూ కొంగు సర్దుకుని లేచి నిలబడేవారు. ఆయన టవలు కొస ఊపి, “కూర్చోండమ్మా, కూర్చోండి” అనేవాడు. అప్పుడు కూర్చునేవారు. మామ ముందర కోడలు మంచం మీద కూడా కూర్చోని ఊర్లు మావి. కుర్చీలో కూర్చోవడమే అక్కడ ఒక తీర్మానం పాసయినట్టు లెక్క.

మామకు చక్కెర జబ్బు. గడియకోసారి ఒంటికి పోవాలి. మగవాళ్ల బాత్రూము వరండా చివర ఉంది. ఆయన పోయేటప్పుడు ఆడవాళ్లు లేచేవారు, వచ్చేటప్పుడు మళ్లీ లేచేవారు. టవలు ఊగేది. కూర్చునేవారు. మీటింగు మొత్తం మీద వాళ్లకు మంచి వ్యాయామం దొరికేది.

ఇట్లా నడుస్తుండగా కొత్త కమిషనర్ వచ్చాడు. కోస్తా వైపు మనిషి, చిన్న వయసు, ఇస్త్రీ నలగని చొక్కా. మొదటి మీటింగు మొత్తం గమ్మున కూర్చుని చూశాడు. అయిపోయాక సూపరింటెండెంటును అడిగాడు.

“ఇక్కడ ఓటింగ్ పెట్టరా అండీ?”

“యాల సార్? అందరూ ఒకే మాట మీద ఉంటే ఓటు ఎవురి మీద ఎయ్యాల?”

“ఒకే మాట మీద ఉన్నారని మీకెలా తెలుసు?”

“ఎవురూ నోరు తెరవల్యా కదా సార్.”

కమిషనర్ ఆ రాత్రి ఏం తిన్నాడో తెలియదు గానీ, తరువాతి మీటింగుకు కొత్త పద్ధతులు రాసుకుని వచ్చాడు. హాల్లో సభ్యులు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ఏ వార్డు సభ్యులైనా ఒకసారి మాట్లాడటానికి లేస్తే వాళ్లంతట వాళ్లు ముగించేదాకా ఎవరూ ఆపకూడదు. ప్రతి అంశానికీ చేతులెత్తి ఓటు వెయ్యాలి. ఇవన్నీ సూపరింటెండెంటు గడగడా చదివాడు. చైర్మన్ తల ఎత్తకుండా, “అందరికీ సమ్మతమేనా?” అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. పాసయింది. పాత పద్ధతి చేసిన చివరి పని తన తల తానే నరుక్కోవడం.

భర్తల కుర్చీలు వరండాలోకి మార్చాను. వాళ్లు కిటికీల దగ్గర కూర్చుని చెవులు రిక్కించేవారు. లోపల ఓటు అనగానే ఒక్కొక్క సభ్యురాలూ, “ఇప్పుడే వస్తా సార్” అని లేచి వరండాలోకి పోయి, భర్తను అడిగి వచ్చేది. ఆమె వచ్చేలోపల ఇంకొకామె పోయేది. ఒక కాలువ పూడిక మీద ఓటు ముగిసేసరికి పొద్దు తిరిగింది. కమిషనర్ ఇంకో రూలు తెచ్చాడు. బయటికి పోయినవాళ్ల కోసం ఓటింగు ఆగదు.

దానికి అందరికంటే గట్టిగా బల్ల చరిచింది మామ. “బాగ చెప్పినావు సార్. ఈ ఆడోళ్లు ఊరికే లేచి పోతాంటారు. వాళ్ల కోసం మనం ఎంతసేపని కాచుకోవాల?”

ఇక చేతులెత్తడం. అదీ కుదరలేదు. ఆడవాళ్లు కొంగు రెండు భుజాల మీదా కప్పుకుని, చెయ్యి చెవి దాకా ఎత్తి ఆపేవారు. అది ఓటో, చెవికమ్మ సర్దుకోవడమో కమిషనర్‌కు తెలిసేది కాదు. మగవాళ్లది ఇంకో కథ. ఒకాయన నీళ్ల కోసం నాకు చెయ్యి ఎత్తాడు. అది లెక్కలో పడింది. ఆ ఒక్క చేతి తేడాతో దోమల మందు కొట్టడం ఆపాలన్న తీర్మానం పాసయింది. ఊరంతా దోమలు. కమిషనర్ తల పట్టుకుని, ఇక ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడాలి, ఒప్పుకోనివాళ్లు కూర్చోవాలి అన్నాడు. నిలబడ్డ మనిషిని, కూర్చున్న మనిషిని ఎవరైనా గుర్తుపడతారు కదా అని ఆయన ఆలోచన.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఆయనకు కాలేదు. పాపం, ఆయన ఈ సీమలో కోడలుగా ఏనాడూ బతకలేదు.

లేచి ఓటేసిన మొదటి మీటింగులో మామ ఏ అంశానికి లేస్తే దానికి ఆడవాళ్లందరూ లేచారు. మామ కూర్చుంటే కూర్చున్నారు. కమిషనర్ మొహం వెలిగిపోయింది. “చూశారా, ఏకగ్రీవం. పద్ధతి సరిగ్గా ఉంటే మనుషులు సరిగ్గా ఉంటారు” అన్నాడు. సూపరింటెండెంటు, “అవును సార్” అని తన టైపు కాగితాలు బయటికి తీశాడు. ఏ మాటా మార్చే పని పడలేదు.

అట్లా ఏకగ్రీవంగా లేచిన వాటిలో ఒకటి, కూరగాయల మార్కెట్ వెనక ఉన్న ఆడవాళ్ల బాత్రూము స్థలంలో షాపు రూములు కట్టడానికి అంచనాలు వెయ్యాలన్న అంశం.

ఆ బాత్రూము గురించి చెప్పాలి. మార్కెట్ మొత్తానికి ఆడవాళ్లకు అదొక్కటే. కూరగాయలు అమ్మేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, గుడ్డల షాపుల్లో పొద్దున్నుంచి నిలబడి చీరలు విప్పి చూపించే ఆడపిల్లలు, పల్లెల నుంచి బస్సు దిగినవాళ్లు, అందరికీ అదే. నీళ్లు ఒకరోజు వస్తే ఒకరోజు రావు. తలుపుకు గడియ లేదు. ఒకామె లోపలికి పోతే ఇంకొకామె బయట తలుపు పట్టుకుని నిలబడాలి. తోడు దొరక్కపోతే ఆపుకోవాలి. నీళ్లు తాగితేనే కదా ఈ బాధ అని చాలామంది నీళ్లు తాగడమే మానుకున్నారు. అట్లాంటిదాన్ని కూడా కొట్టేసి, బైపాసు దగ్గర ఎప్పుడో కొత్తది కడతామన్నారు. బైపాసు దాకా పోయేలోపల ఇంటికే పోవచ్చు.

ఆ వార్డు సభ్యురాలు ముస్లిం అమ్మాయి. భర్త కువైట్‌లో డ్రైవరు. ఎన్నికల్లో నిలబెట్టింది మరిది. గెలిచాక ఆమె పేరు మీద తిరిగేదీ మరిదే. అయితే ఓట్లు అడిగింది ఆమె. మార్కెట్లో బండి బండి దగ్గరికీ పోయి, నన్ను గెలిపిస్తే ఆ బాత్రూముకు గడియ పెట్టిస్తా, నీళ్లు తెప్పిస్తా అని చెప్పింది. వేరే మాట ఏదీ ఇవ్వలేదు. ఆమె తల్లి అదే మార్కెట్లో గాజుల బండి పెట్టుకుని ఉంటుంది. ఆపుకుని ఆపుకుని ఆ తల్లికి మంట జబ్బు పట్టుకుంది. ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ నీళ్లు బాగా తాగమంటుంది. తాగితే ఎక్కడికి పోవాలో చీటీలో రాయదు.

మీటింగు అయిపోయాక ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుండిపోయింది. నేను గ్లాసులు ఏరుకుంటూ పోయి పక్కన నిలబడ్డాను.

“అక్కా, నేను యాల లేచినా?”

“మామ లేచినాడు కదా తల్లీ.”

“మా అమ్మకు ఏం చెప్పాల? కాళ్లు లేచినాయి, నేను ల్యావల్యా అని చెప్పాల్నా?”

కమిషనర్ దగ్గరికి కూడా పోయింది. ఆయన మర్యాదగానే చెప్పాడు. “మీరు నిలబడ్డారు కదండీ, రికార్డయిపోయింది. అయినా ఇది అంచనాల వరకే. కూల్చే తీర్మానం వచ్చే మీటింగ్‌లో పెడతారు. అప్పుడు ఇష్టం లేకపోతే కూర్చోండి. అంతే కదా.”

అంతే కదా అంటే అంతే. ఆ అమ్మాయి మిగతా ఆడ సభ్యులను ఒక్కొక్కరినే కలిసింది. ఒకరోజు అందరూ ఆఫీసుకు వచ్చినప్పుడు, సంతకాల పని ఉందని భర్తలను బయట పెట్టి, ఖాళీ హాల్లో కూర్చోబెట్టింది. ఈసారి మామ లేచినా లేవద్దని చెప్పింది.

“నువ్వు చెప్పినంత సులువా?” అంది పెద్దామె ఒకామె. “మామ నిలబడి నేను కూర్చోనుంటే ఊర్లో ఏమనుకుంటారు?”

“నాకైతే ఇంటికి పోతే మా అత్త అన్నం పెట్టదు” అంది మామ కోడలు.

“అయితే ఆ బాత్రూము పోనీమంటారా?”

ఎవరూ మాట్లాడలేదు. పాత పద్ధతిలో అయితే అది సమ్మతమే. అంతలో మామ కోడలు గోళ్లు చూసుకుంటూ మెల్లగా అంది. “మామ లేస్తేనే కదా లేయాల్సింది. మామ ఆడ ల్యాకపోతే?”

“యాడికి పోతాడు?”

“ఎప్పుడూ పోయే చోటికే. ఇంట్లో చూస్తాండా కదా. మజ్జిగ తాగితే ఆయప్ప ఎంతసేపని కూర్చుంటాడనుకుంటాండారు?”

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను గ్లాసులు కడగడానికి పోయాను. వినకూడని మాటలు వినడం అటెండరు ఉద్యోగం కాదు. అయినా వినపడ్డాయి.

ఇక ఆ రోజు. ఎండలు మండిపోతున్నాయి. టీ వద్దు, మజ్జిగ తెమ్మన్నారు. మజ్జిగ అడిగింది మామ కోడలే. తన గ్లాసు కూడా తీసుకుపోయి మామ ముందర పెట్టింది.

“ఎండ శానా ఉంది మామా. తాగు.”

మామ మొహం విప్పారింది. “ఈ కాలంలో ఇంత చూసుకునే కోడలు యాడ దొరుకుతాదప్పా” అని పక్కాయనకు చెప్పి రెండు గ్లాసులూ తాగాడు. ఇంకో సభ్యురాలు తన గ్లాసు కూడా పంపింది. అదీ తాగాడు.

బాత్రూము అంశం చదివారు. చైర్మన్, “ఒప్పుకునేవాళ్లు లేయండి” అనబోయేలోపల మా కువైట్ అమ్మాయి లేచి మైకు అడిగింది. నేను తీసుకుపోయి ఇచ్చాను. ఆ అమ్మాయి హాల్లో మాట్లాడటం అదే మొదటిసారి. మార్కెట్ ఎక్కడుందో చెప్పింది. ఎవరెవరు కూర్చుంటారో చెప్పింది. టమాటాల వరుస, ఆకుకూరల వరుస, గాజుల బండ్లు. చైర్మన్ వాచీ చూసుకున్నాడు.

“మాకు తెలీని మార్కెట్టా? తొందరగా చెప్పమ్మా.”

కమిషనర్ అందుకున్నాడు. “మధ్యలో ఆపకూడదండీ. రూలు.”

ఆమె మైకును పక్కామెకు ఇచ్చింది. పక్కామె మాట్లాడింది. ఆమె ఇంకొకామెకు ఇచ్చింది. ఏనాడూ నోరు తెరవని ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు లేచి, మాట్లాడటానికి ఏమీ లేకపోయినా మాట్లాడారు. ఒకామె తన వార్డులో పందుల గురించి చెప్పింది. అంశంతో సంబంధం లేదని చైర్మన్ అంటే, ఆ పందులు మార్కెట్ వైపే పోతాయంది. వరండాలో భర్తలు కిటికీల దగ్గర గుమికూడారు. తమ భార్యల గొంతులు మైకులో అట్లా ఉంటాయని వాళ్లకు కూడా తెలియదు.

మామ కాలు మీద కాలు వేసుకున్నాడు. కాసేపటికి కాలు మార్చాడు. సగం లేచాడు. ఆడవాళ్లందరూ సగం లేచారు. తలుపు వైపు చూశాడు, మైకు వైపు చూశాడు, కమిషనర్ వైపు చూశాడు. రాజకీయం తెలిసిన మనిషి. బయటికి పోతే ఏమవుతుందో ఆయనకు అప్పుడే అర్థమైంది. మళ్లీ కూర్చున్నాడు. ఆడవాళ్లూ కూర్చున్నారు.

“ఓటు పెట్టండి సార్. ఎంతసేపు ఈ కత” అన్నాడు.

“ఇంకా మాట్లాడాల్సినవాళ్లున్నారండీ” అన్నాడు కమిషనర్.

మైకు తిరిగి మా అమ్మాయి దగ్గరికి వచ్చింది. నోరు ఎండిపోయిందని నీళ్లడిగింది. నేను చెంబుతో గ్లాసులోకి పోశాను. ఎప్పుడూ పోసేట్టే పోశాను. కొంచెం పైనుంచి పోశానేమో. హాలంతా నిశ్శబ్దంగా ఉండటం వల్ల ధార శబ్దం బాగా వినపడింది. మామ కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు ఆ అమ్మాయి మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని అడిగింది.

“మామా, ఒంటికి వస్తాందా?”

మామ కళ్లు తెరిచాడు.

“కొంచెంసేపు ఆపుకో మామా. మా అమ్మ గాజుల బండి కాడ పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా ఆపుకుంటాది. ఆడుండేటోళ్లంతా అంతే. తలుపు పట్టుకునే మనిషి దొరికితే పోతారు, ల్యాకపోతే ల్యా. ఆ ఒక్కటి కూడా కొట్టేస్తే యాడికి పోవాల్నో నువ్వే చెప్పు. నువ్వు యాడికి పొమ్మంటే ఆడికి పోతాం.”

మామ ఆమెను చూశాడు. కోపంగా చూశాడని కొందరు అంటారు. నేను దగ్గరే ఉన్నాను, నాకైతే కోపం కనపడలేదు. చెమట కనపడింది. ఆయన లేచాడు. ఆడవాళ్లందరూ లేచారు. ఆయన పంచె పట్టుకుని గబగబా వరండాలోకి పోయాడు. ఆడవాళ్లు కూర్చున్నారు.

“నా మాట అయిపోయింది. ఓటు పెట్టండి సార్” అంది మా అమ్మాయి.

“మామ రానీ” అన్నాడు చైర్మన్.

కమిషనర్ తన కాగితం తీశాడు. “బయటికి వెళ్లినవారి కోసం ఓటింగ్ ఆగదండీ. మీరంతా ఒప్పుకున్న రూలే.”

“అదేం రూలు?”

“మామగారే బల్ల చరిచారండీ.”

చైర్మన్ తప్పనిసరై లేచాడు. మగవాళ్లు లేచారు. అలవాటు కొద్దీ ఒకామె లేవబోతే పక్కామె ఆమె చీర కుచ్చిళ్లను కాలితో తొక్కి పట్టింది. మగవాళ్లలో ఒకాయన మాత్రం వంగి చెప్పు సర్దుకుంటున్నాడు. ఆయన భార్య మార్కెట్లో పూలు కడుతుంది. ఓటు అయిపోయేదాకా ఆ చెప్పు సర్దుకోలేదు. కమిషనర్ లెక్కపెట్టాడు. నమ్మకం కలగక మళ్లీ లెక్కపెట్టాడు. కూర్చున్నవాళ్లే ఎక్కువ. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు.

తలుపు తెరుచుకుంది. మామ వచ్చాడు.

ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు.

“లేచినారు” అన్నాడు చైర్మన్. “అందరూ లేచినారు. రాసుకోండి సార్. ఏకగ్రీవం.”

సూపరింటెండెంటు పెన్ను మూత తీశాడు. కమిషనర్ కాగితం తిరగేశాడు, మరగేశాడు. దీనికి ఏ రూలూ లేదు. ఓటు ముగిసిందని ఆయన ఇంకా అనలేదు. నిలబడ్డవాళ్లు నిలబడే ఉన్నారు. మా అమ్మాయి కూడా నిలబడే ఉంది. తన కాళ్ల వైపు చూసుకుంటోంది. ఆ కాళ్లను కొట్టాలని ఉన్నట్టుంది. కానీ కూర్చోలేకపోతోంది.

మామ గడప దగ్గరే నిలబడ్డాడు. చైర్మన్‌ను చూశాడు. నిలబడ్డ ఆడవాళ్లను చూశాడు. ఆ చూపులో ఎంతసేపున్నాడో చెప్పలేను, నా చేతిలో చెంబు బరువెక్కింది. తరువాత టవలు కొస ఎత్తి ఊపాడు.

“కూర్చోండమ్మా, కూర్చోండి.”

ఆడవాళ్లందరూ దబ్బున కూర్చున్నారు.

“ఓటింగ్ ముగిసింది” అన్నాడు కమిషనర్, ఒక్క గుక్కలో. “తీర్మానం వీగిపోయింది.”

సూపరింటెండెంటు తన జన్మలో మొదటిసారి ‘ఆమోదించడమైనది’ని గీత పెట్టి కొట్టేశాడు. ఎట్లా రాయాలో తెలియక, వీగిపోవడానికి గుడి ఎక్కడుంటుందని నన్నే అడిగాడు. నేను కొత్తగా చదువుకున్నదాన్ని కదా, నాకు తాజాగా గుర్తుంటుందని.

మామ తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. “ఏమైందిప్పుడు?” అన్నాడు ఎవరినీ చూడకుండా.

“నువ్వు పోయిన పనికే ఓటేసినాం మామా” అంది పెద్దామె.

మామ కోడలి వైపు తిరిగి, “మే, రేపట్నుంచి మజ్జిగ నువ్వే తాగు” అన్నాడు.

ఆయన ఆ టవలు అలవాటుగా ఊపాడా, తెలిసి ఊపాడా అని ఊర్లో ఇప్పటికీ వాదం ఉంది. ఒకసారి వరండాలో ఒంటరిగా దొరికితే నేనే అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“నువ్వు చెప్పు మే. ఆ పొద్దు నీళ్లు అంత పైనుంచి యాల పోసినావు?”

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు.

కౌన్సిల్ ఊరుకుంటుందా? తరువాతి మీటింగులో చైర్మన్ పద్ధతులు మళ్లీ మార్చాడు. లేవడాలు లేవు. ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని, వార్డు పిలిచినప్పుడు ఔనో కాదో నోటితో చెప్పాలి. ఆడవాళ్లకు అదే కావలసింది. కూర్చుని చెప్పడానికి మామ అడ్డం రాడు కదా. చైర్మన్ ఇంకో రూలు కూడా పెట్టించాడు. ఓటుకు ముందు బాత్రూముల్లో సభ్యులెవరూ లేరని అటెండరు చూసి రావాలి. రిటైరయ్యేదాకా ఓటు అన్నప్పుడల్లా నేను పోయి మగవాళ్ల బాత్రూము బయట నిలబడి, “లోపల ఎవరైనా ఉండారా సామీ?” అని అరిచి, జవాబు తెచ్చి కమిషనర్‌కు చెప్పేదాన్ని. మొదట్లో సిగ్గేసేది. తరువాత వాళ్లకే సిగ్గేసి ముందే వచ్చి కూర్చునేవారు. పిల్లలూ, మీరు ఎక్కడైనా వింత రూలు చూస్తే నవ్వి ఊరుకోకండి. దాని వెనక ఎవరో ఒక మనిషి, ఏదో ఒక అవసరం కొద్దీ, ఒకరోజు లేచిపోయి ఉంటారు.

మార్కెట్ బాత్రూమును తరువాత బాగు చేశారు. కూల్చాలని లేచినవాళ్లందరూ రిబ్బను కత్తిరించడానికి వచ్చారు.

మొన్న కూరగాయలకు పోయినప్పుడు అటు వెళ్లాను. గోడకు నల్లరాతి పలక ఒకటి ఉంది. నా జబ్బు మీకు తెలుసు కదా, నిలబడి చదివాను. చైర్మన్ పేరు ఉంది. మామ పేరు ఉంది, ముందర ‘పెద్దలు’ అని కూడా చెక్కారు. కమిషనర్ పేరు ఉంది. చెప్పు సర్దుకున్నాయన పేరు కూడా ఉంది. ఈ రాతల్లో నేను పేర్లు రాయలేదని ఎవరైనా అంటే అక్కడికి పోయి చదువుకోవచ్చు. వార్డు సభ్యురాలి పేరు ఉండాల్సిన చోట ఆమె మరిది పేరు ఉంది. దాని పక్కన ‘వార్డు ప్రతినిధి’ అని ఉంది.

మళ్లీ చదివాను. నేనే తప్పు చదివానేమో అనుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. తప్పు నాది కాదు.

అంతలో లోపలినుంచి ఆ అమ్మాయే చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆమె సభ్యురాలు కాదు. తల్లికి బదులు గాజుల బండి దగ్గర కూర్చుంటోంది.

“ఏందక్కా, ఆ రాయిని అంతగా చూస్తాండావు?”

“నీ పేరు ల్యా దీంట్లో.”

ఆమె పలక వైపు తల కూడా తిప్పలేదు.

“తెలుసులే. నువ్వు ఒంటికి వచ్చినావా, చదివేదానికి వచ్చినావా?”

“రెండూ అనుకో. కొంచెం తలుపు పట్టుకుంటావా?”

“నేనేమీ పట్టుకోను” అంది బండి వైపు నడుస్తూ. “లోపల గడియ ఉంది, పో.”

పోయాను. ఉంది. పెట్టుకున్నాను.